మిలట్రీ తాత ఇనప ఊచ

మా పాత ఇంటి వసారాలో, గొర్రు ఆనించే మూలన, మూరెడు పొడుగు ఇనప ఊచ ఒకటి ఉంటుంది. ఒక కొన సూదిలా అరిగిపోయింది. రెండో కొనకు చింతకర్ర పిడి. మా తాత అరచెయ్యి ఆనే చోట ఆ పిడి నున్నగా, నల్లగా నిగనిగలాడుతుంది. మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే పనివాళ్ళు దాన్ని పాత ఇనుముతో పాటు మూటగట్టారు. చూసి పరుగెత్తి తెచ్చుకున్నాను. ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను.

మాది ప్రకాశం జిల్లాలో దర్శికీ పొదిలికీ మధ్య మెట్ట ఊరు. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు మా పొలాలకు రెండు కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోయాయి. గట్టు మీద నిలబడితే అవతల వరి పచ్చగా కనిపిస్తుంది. ఇవతల మాకు కంది, సజ్జ, శనగ, పొగాకు. మా తాతను ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పెద్దలకు 'మిలట్రీ ఆయన', పిల్లలకు 'మిలట్రీ తాత'. కథోలిక కుటుంబాల్లో అప్పటి పేర్లు వింటే ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది. పౌలుని చిన్నప్ప అనీ, పేతురుని రాయప్ప అనీ, యోసేపుని జోజప్ప అనీ, జేవియర్‌ని శౌరయ్య అనీ, ఇగ్నేషియస్‌ని ఇన్నయ్య అనీ మన తెలుగులోకి ఎంత చక్కగా తెచ్చుకున్నారో! ఇప్పుడు మా వీధిలో పుట్టిన పిల్లల్లో ఒక్క శౌరయ్య కూడా లేడు. ఆ పేర్లు పోతున్నాయంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

తాత వాళ్ళ నాన్న ఉపదేశి. ఫాదరుగారు నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చే ఊళ్ళలో పిల్లలకు జపాలు నేర్పడం, చావుకీ పుట్టుకకీ ముందుండటం ఆయన పని. మా నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషపుగారి కింద ఉండే ప్రాంతం, 1928లో ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతమంతా మద్రాసు కింద ఉండేది. మిల్‌హిల్ సభ ఫాదర్లు గుర్రాల మీద, ఎడ్లబండ్ల మీద తిరిగిన కాలం గురించి ఆ ముత్తాత కథలు కథలుగా చెప్పేవాడట. తాత ఏడేళ్ళ వయసులోనే పీఠం దగ్గర ఫాదరుకి సాయం చేస్తూ, లాటిన్ పూజలో 'దోమినుస్ వోబిస్కుమ్' అని ఫాదరు అంటే 'ఎత్ కుమ్ స్పీరితు తువో' అని బదులు చెప్పేవాడు. అర్థం తెలియదు, కానీ తప్పు పోయేది కాదు.

ఆ లాటినే ఒకసారి తాతను ఆదుకుంది.

1962లో చైనా యుద్ధం అయ్యాక సైన్యంలోకి పెద్దఎత్తున మనుషుల్ని తీసుకున్నారు. 1963లో తాతకు పంతొమ్మిదేళ్ళు. వరసగా రెండేళ్ళు వాన లేదు. ఇంట్లో ఐదుగురు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. ఒంగోలులో సెలక్షన్ అని తెలిసి, రాత్రికి రాత్రి నడిచి వెళ్ళి నిలబడ్డాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. బెంగుళూరులో అలసూరు చెరువు దగ్గరున్న మద్రాసు సాపర్ల కేంద్రానికి పంపించారు. సాపర్లంటే వంతెనలు కట్టేవాళ్ళు, రోడ్లు వేసేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు. 1780 నాటి దళం అది. అందులో వాళ్ళందర్నీ సైన్యమంతా 'తంబి' అని పిలుస్తుంది, అరవంలో తమ్ముడని. తెలుగువాడైనా, మలయాళీ అయినా, అరవవాడైనా తంబే.

మొదటి నెల రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చానని తాత మాతో దాచుకోకుండా చెప్పేవాడు. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, అరవం అరకొర. ఎవరైనా అరిస్తే దేనికి అరుస్తున్నారో కూడా తెలిసేది కాదు. మొదటి ఆదివారం కథోలిక కుర్రాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి గుడికి తీసుకెళ్ళారు. పెద్ద గుడి, తెలియని మనుషులు. ఫాదరు ప్రజల వైపు తిరిగి 'దోమినుస్ వోబిస్కుమ్' అన్నాడు. "నా నోట్లోంచి బదులు దానంతటదే వచ్చేసిందిరా. మా నాయన పక్కన నిలబడ్డట్టే ఉంది. ఆ ఊళ్ళో నాకు అర్థమైన మొదటి మాట అదే" అనేవాడు. ఆ తర్వాత రెండో వాటికన్ మహాసభ నిర్ణయంతో పూజ ఎవరి భాషలోకి వాళ్ళకు మారింది. మనకు తెలుగులోకి వచ్చింది. తాత సంతోషించాడు. అయినా పొలంలో ఒంటరిగా గడ్డి కోసుకునేటప్పుడు లాటిన్ పాటలే పాడుకునేవాడు.

1980లో హవల్దారుగా రిటైరై వచ్చాడు. తెల్ల పెయింటుతో నంబరు రాసిన నల్లటి ఇనప ట్రంకు, అందులో కంబళి, రెండు జతల బూట్లు, పతకాల డబ్బా. మాజీ సైనికులకు మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే ఐదెకరాలు ఇచ్చేవారు. ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా ఊరి పడమర ఐదెకరాల మెట్టకు పట్టా వచ్చింది. తిరిగిన తిరుగుడు గురించి నాయనమ్మ ఇప్పటికీ కోపంగా చెబుతుంది. తాత మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. పొలం చూడటానికి వెళ్ళినవాళ్ళు నవ్వారట. పైన మట్టి, జానెడు లోపల రాళ్ళు. సర్కారు తుమ్మ ఎటు చూసినా. నాగలి దించితే నాలుగు చాళ్ళకే కర్రు విరిగిపోయింది.

అప్పుడు తాత కమ్మరి దగ్గరికి వెళ్ళి ఈ ఊచ చేయించాడు.

నేను పుట్టేటప్పటికి పొలం సగం బాగైంది. మిగతా సగం బాగు చేయడం నేను కళ్ళారా చూశాను. వాన పడ్డ రెండో రోజు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు, తాత తువ్వాలు పరుచుకుని బోర్లా పడుకునేవాడు. ఎడమ చేత్తో ముందు మట్టి మీద మెల్లగా తడిమేవాడు. కుడి చేత్తో ఊచను ఏటవాలుగా, నేలకు దగ్గరగా వంచి, బెత్తెడు లోపలికి తోసేవాడు. తగిలితే ఆగేవాడు. తగలకపోతే తీసి రెండంగుళాలు పక్కకి జరిపి మళ్ళీ తోసేవాడు. ఒక బారు అయ్యాక ఒక మూర ముందుకు పాకేవాడు. రాయి తగిలినచోట తుమ్మపుల్లకు తెల్లగుడ్డ ముక్క కట్టి గుచ్చేవాడు. సాయంత్రం గునపాలు తీసుకుని మా నాన్నా, బాబాయీ వచ్చి ఆ జెండాలున్న చోటల్లా తవ్వి రాళ్ళు తీసి గట్టు మీద పేర్చేవాళ్ళు. మా పొలం చుట్టూ నడుమెత్తు రాతిగట్టు ఉంది కదా, అదంతా ఆ ఊచ తీసిందే.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నేనూ పక్కన పడుకుని ఒక పుల్లతో నిలువుగా పొడిచాను. తాత నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, కానీ కదలనివ్వలేదు.

"నిటారుగా గుచ్చకూడదు నాయనా. ఎప్పుడూ ఏటవాలుగానే."

"రాయేగా తాతా?"

"రాయే. అయినా ఏటవాలుగానే."

మందుపాతర నెత్తిమీదే దాన్ని పేల్చే పలక ఉంటుందనీ, ఏటవాలుగా వెళ్ళిన ఊచ పక్కకి తగులుతుంది గానీ నెత్తిని నొక్కదనీ నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. ఇంటి పొలంలో, తన పట్టా భూమిలో, రాళ్ళు తప్ప ఏమీ లేవని తెలిసినచోట కూడా తాత చెయ్యి ఒక్కసారి కూడా నిటారుగా లేవలేదు.

ఆయన భక్తి గురించి చెప్పాలి. పొద్దున్నే నాలుగున్నరకు లేచి, గడ్డం గీసుకుని, దుప్పటి నాలుగు మూలలు కలిపి మడిచి, త్రికాల జపం చెప్పుకున్నాకే గొడ్ల దగ్గరికి పోయేవాడు. విత్తనం వేసే రోజు పొలం నాలుగు మూలలా దీవించిన నీళ్ళు చల్లేవాడు. పూజలో ఫాదరు ఇచ్చే సత్ప్రసాదం తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకపోతే చాలని తిరుసభ నియమం మార్చి ఎన్నో ఏళ్ళయింది. తాత మాత్రం చిన్నప్పటి అలవాటు ప్రకారం శనివారం అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. మే నెల ఎండలో కూడా అంతే. తపస్సు కాలం వస్తే విభూది బుధవారం నుంచి పాస్కా, అంటే ఈస్టర్ దాకా మిలట్రీ క్యాంటీన్ మందు సీసా మూత తీసేవాడు కాదు. మిగతా రోజుల్లో రాత్రి ఒక చిన్న గ్లాసు, అంతే. ఇదంతా మాకెవరికీ నియమంగా పెట్టలేదు. "మీరు తాగండి, మీరు తినండి" అనేవాడు. ఆయన తినకుండా కూర్చుంటే మాకు మెతుకు దిగేది కాదు, అది వేరే సంగతి.

రాత్రి భోజనాలకు ముందు ఇంటిల్లిపాదీ జపమాల. మరియమ్మ సురూపం (విగ్రహం) ముందు చాప, చాప మీద మేం. కరెంటు పోయినా ఆగేది కాదు. 2002లో రెండో జాన్‌పాల్ పోపుగారు జపమాలలో ధ్యానించుకోవడానికి వెలుగు దేవరహస్యాలు కొత్తగా కలిపారు, గురువారాలకని. అప్పటికి తాతకు యాభై ఎనిమిది. ఎరువుల రసీదు వెనక వాటిని రాసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పరీక్షకు చదివే పిల్లాడిలా పొలం గట్టు మీద వల్లెవేయడం చూశాను. వారం తిరిగి గురువారం వచ్చేసరికి కాగితం లేకుండా చెప్పాడు.

ఇంకో ఆనవాయితీ ఉంది. ఏటా డిసెంబరు 16న ఎంత పనున్నా సైకిలెక్కి తొమ్మిది కిలోమీటర్లు విచారణ గుడికి, అంటే ఫాదరుగారు ఉండే పెద్ద గుడికి, పూజకు పోయేవాడు. క్రిస్మస్ నవదిన ప్రార్థనలు ఆ రోజే మొదలవుతాయి కాబట్టి అందుకే పోతున్నాడని అనుకునేవాళ్ళం. మిగతా ఎనిమిది రోజులూ ఎందుకు పోడని ఎవరికీ తట్టలేదు. ఒకసారి నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. పూజకు ముందు ఫాదరుగారు ఆ రోజు ఎవరెవరి కోసం పూజ చెప్పిస్తున్నారో చదివారు. ఫలానా వారి ఆత్మ కోసం, ఫలానా వారి ఆరోగ్యం కోసం. చివర్లో "ఒక ఆత్మ కోసం" అన్నారు, పేరు లేదు. తాత తల దించుకుని ఉన్నాడు. అది ఆయన చెప్పించిన పూజేనని అప్పుడు నాకు తెలియదు.

తెలిసింది పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర.

పొగాకు వేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేయనివాళ్ళ కోసం చెబుతాను. పచ్చి ఆకు కొట్టి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో వరసలుగా కట్టి, కింద పొయ్యిలో మొద్దులు పెట్టి ఐదారు రోజులు కాల్చాలి. వేడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఫారన్‌హీట్ లెక్కలో 90 దగ్గర మొదలుపెట్టి, ఆకు పసుపు తిరిగాక పెంచి, ఈనె ఎండేసరికి 160 దాకా తేవాలి. తొందరపడితే ఆకు కమిలిపోతుంది. నిద్రపోతే నల్లబడుతుంది. ఏడాది కష్టం ఆ కిటికీలో వేలాడే థర్మామీటర్ మీద ఉంటుంది. అంత టెన్షన్ పడి, మండెలు తిప్పి, గ్రేడ్ చేసి, బేళ్ళు కట్టి వేలానికి తీసుకెళితే అక్కడ వ్యాపారులు ధర పాడకుండా 'నోబిడ్' అని దాటిపోయిన రోజులు ఎన్నో. నోబిడ్ పడ్డ రోజు తాత ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మామూలుగానే జపమాల మొదలుపెట్టేవాడు. గొంతు మాత్రం కొంచెం తగ్గి ఉండేది.

బ్యారన్ రాత్రుళ్ళకు తాతది ఒక లెక్క. ఒక జపమాల అయితే ఒక మొద్దు. గడియారం చూసేవాడు కాదు. నాకు పన్నెండేళ్ళో పదమూడేళ్ళో ఉన్న ఫిబ్రవరిలో, నాయనమ్మ గుణదల తిరునాళ్ళకు వెళ్ళింది. తాతకు తోడుగా నేను పడుకున్నాను. గోనెసంచి మీద కూర్చుని పొయ్యిలోకి చూస్తూ, తేగలు కాల్చుకుని తింటున్నాం. నాకు నోరూరి, పొలంలో ఏరుకొచ్చిన చింతకాయ ఒకటి చప్పరిస్తున్నాను. తాత నా చేతిలోని కాయ వైపు చాలాసేపు చూశాడు.

"ఆ పిల్లోడు కూడా అట్టాగే చప్పరించేవాడు" అన్నాడు.

1971 డిసెంబరు 15 రాత్రి. శకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ అనే ఏరు. తాత వాళ్ళది 9 ఇంజినీర్ రెజిమెంట్. ఏటి దగ్గరంతా పాకిస్తాన్ వాళ్ళు మందుపాతరలు పెట్టారు. వెనక మన పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు దారి కోసం ఎదురుచూస్తున్నాయి. తెల్లారేలోగా అవి అవతల ఉండకపోతే, ముందే అవతలికి వెళ్ళిన మన పదాతి దళం మీద వాళ్ళ ట్యాంకులు పడతాయి. సాపర్లు బోర్లా పడుకుని, చీకట్లో, పైన గుండ్లు పడుతుంటే, చేతులతో ఊచలు గుచ్చుకుంటూ పోవాలి.

"చలి అంటే మన చలి కాదురా. వేళ్ళు ఉన్నాయో లేవో తెలీదు. వేళ్ళే మాకు కళ్ళు. నా ఎడం పక్కన తంబి. సేలం వైపు పిల్లోడు. నాకన్నా చిన్న. జేబులో చింతపండు ఉండ పెట్టుకునేవాడు, దగ్గు రాకుండా. ఆ రాత్రి నాకూ ఇంత చిదిమి పెట్టాడు. బుగ్గన పెట్టుకున్నా. ఒక్కొక్క పోటుకీ ఒక్కొక్క మరియమ్మ జపం చెప్పుకుంటా పోతున్నా. పోటు, జపం. పోటు, జపం. 'ఇప్పుడును, మా మరణ సమయమందును' అనేకాడికి వచ్చినా. గుండు పడింది."

తాత లేచి థర్మామీటర్ చూసి వచ్చాడు. మొద్దు ఒకటి పొయ్యిలోకి నెట్టాడు. ఇంక చెప్పడేమో అనుకున్నాను.

"వాడి దగ్గరికి పోవాలంటే మధ్యలో గుచ్చని నేల ఉంది. నాలుగడుగులే. పోతే నేనూ పోతా, దారీ పోద్ది. ముందుకే పోయినా. నోట్లో ఆ చింతపండు ఇంకా కరగలా."

దారి పూర్తిగా తయారవకముందే, ఇక ఆగలేక ట్యాంకులు కదిలాయి. సాపర్లు చేసినంత దారి మీదుగా అవతలికి చేరాయి. మర్నాడు ఆ పోరులోనే ఇరవై ఒక్కేళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకులోనే ప్రాణం వదిలాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ పేరు నేను పాఠాల్లో చదివినప్పుడల్లా ఆ ట్యాంకు కింద నలిగిన మట్టి నాకు కనిపిస్తుంది. ఆ మట్టిని ముందుగా తడిమిన చేతుల్లో మా తాతవి కూడా ఉన్నాయి. 17న కాల్పులు ఆగాయి.

"వాడు మన మతం కాదు" అన్నాడు తాత చివర్లో. "ఫాదరుగారిని అడిగినా, పూజ చెప్పించొచ్చా అని. ఎవరికైనా చెప్పించొచ్చు అన్నారు."

నేను ఏడుస్తున్నానని చూసి, తేగ ఒలిచి చేతిలో పెట్టి, పడుకోమన్నాడు. ఆ పిల్లాడి పేరేంటి తాతా అని అప్పుడు అడగాలని నాకు తోచలేదు. తర్వాత ఇరవై ఏళ్ళు అడిగే వీలుండి కూడా అడగలేదు. ఇంత పెద్దవాణ్ణయి, ఇంత చదువుకుని, ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేకపోయానా అని ఇప్పటికీ నాకు లోపల కలుక్కుమంటుంది.

2000-01లో పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించారు, అంటే ఆ ఏడు పొగాకు వేయకూడదు. ఆ ఏడు బ్యారన్ చల్లగా ఉంది. తాత కంది వేశాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టక, మొద్దులు లేకపోయినా లేచి అరుగు మీద కూర్చుని జపమాలలు చెప్పుకునేవాడు. తర్వాత పొగాకు మళ్ళీ వేశాం గానీ, మా నాన్న మెల్లగా తగ్గించేశాడు. ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్ అన్న వన్ ర్యాంక్ వన్ పెన్షన్ డబ్బు వచ్చినప్పుడు తాత ముందుగా చేసిన పని గుడికి కొత్త గంట కొనడం. ఆగస్టు 15కి బడి పిల్లలు పిలిస్తే 1971 యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్ పతకం చొక్కాకు పెట్టుకుని వెళ్ళేవాడు. యుద్ధం గురించి చెప్పమంటే వంతెన ఎలా కట్టాలో చెప్పి వచ్చేసేవాడు.

2018 ఆగస్టులో పోయాడు. మూడు రోజులు మంచాన ఉన్నాడంతే. ఫాదరుగారు వచ్చి, జబ్బుపడ్డవాళ్ళకు నూనె పూసి ప్రార్థించే అభ్యంగం ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆరుగురు పాత సైనికులు టోపీలు పెట్టుకుని వచ్చి, సమాధి దగ్గర వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. అందులో ఒకాయనకు చెయ్యి వణుకుతోంది, అయినా దించలేదు.

డిసెంబరులో నేను విచారణ గుడికి వెళ్ళాను. ఫాదరుగారు కొత్తగా వచ్చినవారు. పూజల రిజిస్టరు తీసి, 16వ తేదీకి తాత పేరు రాసుకున్నారు. రాసి, ఏదో గుర్తొచ్చినట్టు పాత రిజిస్టర్లు రెండు మూడు తిరగేశారు.

"ఏటా ఈ తేదీకి మీ తాతగారు 'ఒక ఆత్మ' అని రాయించారు. అది కూడా రాయమంటారా?"

"రాయండి ఫాదర్."

"ఈసారి పేరు చెబుతారా?"

కాసేపు నిలబడ్డాను. "తంబి అని రాయండి" అన్నాను.

ఆ ఏడు 16వ తేదీ ఆదివారం పడింది. క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మూడో ఆదివారం, గుడి నిండా జనం. ఫాదరుగారు తాత పేరు చదివి, తర్వాత "తంబి ఆత్మ కోసం" అని చదివారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న నాయనమ్మ తల ఎత్తి నా కోసం వెతికింది. చూసి, నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంది.

ఇంటికొస్తూ ఆటోలో అడిగింది. "ఆ పిల్లోడి పేరు అదేనంట్రా?"

"అక్కడ అందర్నీ అట్టాగే పిలుస్తారంట నాయనమ్మా."

కొంగుతో మొహం తుడుచుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. మా పొలం రాతిగట్టు దాటాక అంది.

"వచ్చే ఏడు కూడా రాయించు."